నీటిమట్టము నెఱిఁగి మోటారు నాపు ఫ్లోటు స్విచ్చి

రాత్రివేళ మోటారు వేసి నిద్రించిన రైతునకు రెండు విధముల నష్టము కలుగవచ్చును. తొట్టి నిండి పొర్లినచో నీరును విద్యుచ్ఛక్తియు వ్యర్థమగును. నూతిలో నీరు తగ్గి పంపు గాలి పీల్చినచో, నీటివలన చల్లబడవలసిన సీలు వేడెక్కి చెడును. పంపు బిగుసుకొనినచో మోటారు చుట్లును కాలిపోవును. ఈ రెంటిని నివారించు చిన్న సాధనము ఫ్లోటు స్విచ్చి.

గుండుగొలను మొదలు కొల్లేటి లంకలవఱకుఁ గల మనవారికి గాలపు బెండు తేలుట క్రొత్త గాదు. మట్టము పెరిగిన బెండు లేచును, తగ్గిన దిగును. క్రీ. పూ. 3వ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమందలి టెసిబియసు తన నీటిగడియారమున నీటిధారను అదుపుచేయుటకు తేలెడు వస్తువునే వాడెను.

నేఁటి స్విచ్చిలో బోలుగానున్న ప్లాస్టిక్కు బుఱ్ఱ యొకటి తీగ చివర నుండును. దానిలో లోహపు గుండును, చిన్న స్విచ్చియు నుండును. నీరు తగ్గినప్పుడు బుఱ్ఱ క్రిందికి వ్రేలాడును. పెరిగినప్పుడు పైకి తిరిగి తేలును. అప్పుడు గుండు దొర్లి స్విచ్చిని కలుపును, లేదా విడఁదీయును.

తీగకుఁ గట్టిన బరువునుండి బుఱ్ఱవఱకుఁ గల పొడవును బట్టి మోటారు ఆరంభమగు మట్టమునకును, ఆగు మట్టమునకును నడుమ అంతర మేర్పడును. ఈ పొడవు మిక్కిలి తక్కువైనచో చిన్న అలకే మోటారు మాటిమాటికి ఆగి తిరుగును. ఆరంభమున మోటారు మామూలుకంటె అనేక రెట్లు కరెంటు లాగును గావున చుట్లు వేడెక్కును.

తొట్టిలోని స్విచ్చి నీరు తగ్గినప్పుడు కలియవలెను; నూతిలోనిది నీరు తగ్గినప్పుడు విడిపోవలెను. ఈ రెంటిని ఒకే వరుసలో కలిపినచో నూతిలో నీరును, తొట్టిలో చోటును ఉన్నప్పుడే మోటారు తిరుగును. ఇరుకైన బోరుగొట్టములో బుఱ్ఱ తిరుగుటకు చోటుండదు. అచ్చట నీరు తగులుటను గుర్తించు లోహపు కడ్డీలు గాని, కరెంటు తగ్గుటను బట్టి మోటారు నాపు సాధనము గాని వాడవలయును.

సభ్యులు గమనింపవలసిన జాగ్రత్తలు కొన్ని గలవు. మూడు ఫేజుల మోటారు కరెంటును ఫ్లోటు స్విచ్చి గుండ నేరుగా పంపరాదు. స్టార్టరులోని కాయిలు తీగకే దానిని కలుపవలెను. ఆ పని ఎఱిఁగిన ఎలక్ట్రీషియనుచేతనే చేయింపవలెను. తీగకు నీటిలో అతుకు వేయరాదు. చేపల చెరువులలో గుఱ్ఱపుడెక్క తగులుకొనకుండ, బుఱ్ఱ తిరుగుటకు చోటు విడిచి చుట్టును జాలి కట్టవలెను.

ఇట్టి మోటారు మనుష్యుఁడు లేకయే ఆరంభమగును. ఆగియున్నదని నమ్మి నీటిలో దిగుటయు, పంపుపై చేయి వేయుటయు ప్రాణాపాయము. మొదట మెయిను తీయుఁడు. పిదపనే దగ్గఱకుఁ బొండు.