జీతం అనే మాట

మార్కాపురం పలకల గనులలో రోజు లెక్కన ఇచ్చేదానిని కూలి అంటారు. గిద్దలూరు వైపు పొలాలలో ఏడాదికి కుదిరినవానిని జీతగాడు అంటారు. నెల తిరిగేసరికి గుమాస్తా చేతికి వచ్చేదీ జీతమే. అచ్చ తెలుగు పదంగా తోచే ఈ మాట నిజానికి సంస్కృతంలోని ‘జీవితం’. నడిమి ‘వి’ లోపించి జీతమైనది. జీవ్ ధాతువు నుండి పుట్టిన ఆ శబ్దానికి బ్రతుకు అనీ, బ్రతుకుతెరువు అనీ అర్థాలున్నాయి.

అమరకోశం శూద్రవర్గంలో కూలికి చెప్పిన పర్యాయపదాలలో భృతి, భర్మ, భరణం మొదలైనవి ‘భృ’ ధాతువు నుండి వచ్చినవే. ఆ ధాతువుకు మోయుట, పోషించుట అని అర్థం. భృత్యుడనగా పోషింపదగినవాడు. నేడు సేవకుడనే అర్థమే మిగిలి, పోషించవలసిన భారం యజమానిదన్న సంగతి మరుగున పడినది. (భర్త శబ్దమూ ఈ ధాతువుదే. ఇల్లాండ్రు జ్ఞాపకం పెట్టుకొందురు గాక.)

ఉద్యోగమనగా పూనిక, ప్రయత్నం. భారతంలోని ఉద్యోగపర్వంలో ఎవరికీ కొలువు దొరకలేదు, యుద్ధసన్నాహం జరిగినది!

కూలి ఇవ్వక బలవంతంగా చేయించుకొనే పని విష్టి. దాని వికృతి వెట్టి. పొరుగున కన్నడంలో మన జీతమే ‘జీత’ అయి, అప్పు కింద కట్టుబడి చేసే చాకిరికి పేరైనది. ఆ చాకిరిని 1976 నాటి చట్టం దేశమంతటా రద్దు చేసినది. జీవితమనే మాటకు అంతకన్న దురవస్థ ఏముంటుంది?

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయం రాజు విచారించవలసిన వివాదాలను 18 విధాలుగా చెప్పినది. వేతనం ఇయ్యకపోవుట వాటిలో ఒకటి. దానిని యజమాని దయకు విడువక, అప్పు తగాదాతో, సరిహద్దు తగాదాతో పాటు న్యాయసభకే ఎక్కించినారు.

దాతలకు ఈ వ్యుత్పత్తులన్నీ ఎందుకంటారా? గోపురానికి, ఆభరణాలకు విరాళం సులభంగా వస్తుంది. ప్రసాదం వండేవారి, మంగళవాద్యం వాయించేవారి, ప్రాకారం ఊడ్చేవారి జీతాలకు ఇమ్మంటే, అది స్వామికి చేరదని వెనుకాడేవారిని చూచినాను. ఆ మాట నేనొప్పుకోను. పూర్వపు దాతలు దేవునికి భూమి ఇచ్చినప్పుడు అర్చకులకు, వాద్యకారులకు జీవనార్థం మాన్యాలు కూడా వ్రాసియిచ్చినారు. వారి భక్తి మన భక్తికి తీసిపోయినదా?

ఇల్లు కట్టించి, తాపీమేస్త్రీకి బాకీ ఉంచుకొని, గృహప్రవేశానికి ముహూర్తం అడగవచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. ముందు ఆ లెక్క తీర్చి రండి, పంచాంగం తరువాత చూద్దామని వారితో చెబుతూ ఉంటాను.