టీవీ కొనే ముందు గోడ కొలవండి



తిరుపతి నుంచి శ్రీకాళహస్తికి బస్సులో పోతూ ఉంటే రేణిగుంట దాటిన తరువాత ఏర్పేడు వస్తుంది. ఒకప్పుడు ఏర్పేడంటే మలయాళస్వాములవారి వ్యాసాశ్రమం, రైల్వే స్టేషను, వెంకటగిరికి పోయే రోడ్డు. ఇంతే చెప్పేవాళ్ళు. ఇప్పుడు ఐ.ఐ.టి. వచ్చింది. దానితోపాటు ఇంకొకటి కూడా వచ్చింది. ఈ మండలంలోనే వికృతమాల అనే ఊరుంది. అక్కడ టి.సి.ఎల్. కంపెనీ తాలూకు ఫ్యాక్టరీ 2022 జూన్‌లో ప్రారంభమైంది. అందులో తయారయ్యేది ప్యానెల్, అంటే టీవీలో మనం బొమ్మ చూసే పలక. తిరుపతి దగ్గరే డిక్సన్ అనే మరో సంస్థ టీవీలు తయారుచేసి ఇతర కంపెనీలకు ఇస్తుంది. 2018లో షావోమీవారు తమ టీవీల తయారీ మొదలుపెట్టింది అక్కడే.

మన పొలిమేరలో తయారయ్యే వస్తువే అయినా, అంగట్లో గోడ నిండా వేలాడదీసి ఉంటే మాత్రం సముద్రాల అవతలినుంచి దిగినట్టు నోరు తెరుచుకుని చూస్తాం. ఆ వెలుగులో ఏది కొనాలో తెలియదు. పక్కన నిలబడిన కుర్రవాడు చెప్పే మాటల్లో సగం అర్థం కావు. అర్థమైనట్టు తల ఊపుతాం.

ఇంకొక సంగతి. చీర కొనేటప్పుడు మగవాళ్ళు ఓ మూల కుర్చీలో కూచుంటారు. టీవీ కొనేటప్పుడు ఆ కుర్చీలో మనం కూచుంటాం. రంగు ఏదైనా ఫరవాలేదా అని అడగడానికి తప్ప మనల్ని పిలవరు. కానీ ఇంట్లో పగలంతా ఆ టీవీతో ఉండేది మనమూ, పెద్దవాళ్ళూను. వెలుగు ఎటునుంచి పడుతుందో, ఎవరు ఎక్కడ కూచుని చూస్తారో, ఎవరికి చెవి సరిగా వినపడదో మనకే తెలుసు. అందుకే ఈసారి మీరు ఆ కుర్చీలోంచి లేవాలని నా కోరిక.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. కొన్నేళ్ళ కిందట మావాడి పోరు పడలేక 55 అంగుళాల టీవీ కొన్నాం. అంగట్లో చూస్తే నెమలి పింఛంలో ఒక్కొక్క వెంట్రుకా లెక్కపెట్టవచ్చు. ఇంటికి తెచ్చి గోడకు బిగించాం. ఎదురుగా పెద్ద కిటికీ. మధ్యాహ్నం పన్నెండింటికి మా అత్తగారు ఎస్వీబీసీలో స్వామివారి కల్యాణోత్సవం చూడటానికి కూచున్నారు. పావుగంట చూసి, "అమ్మాయ్, స్వామి కనపడ్డంలేదు, మన కొబ్బరిచెట్టు కనపడతా ఉంది" అన్నారు. నిజమే. అద్దంలా మెరిసే ఆ పలకలో కిటికీ, దాని అవతలి కొబ్బరిచెట్టు, సోఫాలో మేమూ అందరం ఉన్నాం, స్వామి తప్ప. పన్నెండు నెలలు వాయిదాలు కడుతూ మా కొబ్బరిచెట్టును మేమే చూసుకున్నాం. తప్పు టీవీది కాదు. గోడ చూడకుండా కొన్న మాది.

కాబట్టి అంగడికి పోవడానికి ముందు ఇంట్లోనే చెయ్యవలసిన పని ఉంది. పాత న్యూస్‌పేపర్లు రెండు మూడు అతికించి, టీవీ సైజుకు కత్తిరించి గోడకు అంటించండి. టీవీ సైజు అని చెప్పే అంగుళాలు వెడల్పు కాదు, మూలనుంచి మూలకు ఐమూలగా కొలిచిన కొలత. 32 అంగుళాలదైతే వెడల్పు సుమారు 28, ఎత్తు 16. 43ది 37న్నర వెడల్పు, 21 ఎత్తు. 55దైతే 48 వెడల్పు, అంటే నాలుగడుగులు, ఎత్తు 27. చుట్టూ ఉండే అంచు దీనికి అదనం. ఆ కాగితాన్ని రెండు రోజులు అలాగే ఉంచండి. సోఫాలో కూచుని, దివాన్ మీద పడుకుని, వంటింటి గుమ్మంలో నిలబడి చూడండి. పొద్దున, మధ్యాహ్నం, దీపాలు పెట్టే వేళ వెలుగు ఎక్కడ పడుతున్నదో గమనించండి. కిటికీకి ఎదురు గోడ వద్దు. కిటికీ పక్కగా ఉండే గోడ మేలు. వేరే గోడ లేకపోతే మందమైన కర్టెను ఖర్చు కూడా టీవీ ఖర్చులో కలుపుకోండి.

దూరం లెక్క కష్టమేమీ కాదు. 4కె టీవీ అయితే సైజుకు సుమారు ఒకటిన్నర రెట్లు దూరం చాలు. 43కు అయిదున్నర అడుగులు, 55కు ఏడడుగులు. ఇంతకంటే కాస్త దూరమైనా నష్టం లేదు. అపార్టుమెంటు హాల్లో సోఫాకూ గోడకూ మధ్య ఆరడుగులే ఉంటే 65 అంగుళాలది పెట్టి మెడ అటూ ఇటూ తిప్పుకోవడం ఎందుకు? ఎత్తు విషయంలో చాలామంది పొరపాటు పడతారు. షోకేసు పైన, దేవుడి పటాల వరసలో బిగిస్తారు. కూచున్నప్పుడు మన కళ్ళు నేలనుంచి మూడున్నర అడుగుల ఎత్తున ఉంటాయి. టీవీ మధ్యభాగం దాదాపు ఆ ఎత్తుకు రావాలి. తల ఎత్తి చూస్తే సీరియలు అయ్యేసరికి మెడ పట్టేస్తుంది.

ఇప్పుడు ఆ పేర్ల సంగతి. ఎల్.ఇ.డి., క్యు.ఎల్.ఇ.డి., ఓ.ఎల్.ఇ.డి. అని వరసపెట్టి చెబుతారు. మామూలు ఎల్.ఇ.డి. టీవీలో బొమ్మ తనంత తాను వెలగదు. వెనకాల తెల్లటి దీపాలు వెలుగుతూ ఉంటాయి. వాటి ముందు లక్షలాది చిన్న కిటికీలు ఉన్నాయనుకోండి. ఒక్కొక్క కిటికీ ఎంత తెరుచుకుంటే అంత వెలుగు, దాని ముందరి రంగు అద్దంలోంచి బయటికి వస్తుంది. కిటికీ పూర్తిగా మూసుకున్నా సందులోంచి కొంచెం వెలుగు కారుతుంది. అందుకే చీకటి దృశ్యాల్లో నలుపు బూడిదరంగులో కనిపిస్తుంది. క్యు.ఎల్.ఇ.డి. కూడా ఇదే ఏర్పాటు, రంగులు ఇంకా స్వచ్ఛంగా రావడానికి మధ్యలో ఒక పూత వేస్తారు. పేరులో ఒక అక్షరమే తేడా అయినా ఓ.ఎల్.ఇ.డి. వేరే జాతి. కార్తీక పౌర్ణమినాడు స్వర్ణముఖి ఒడ్డున ప్రమిదలు వెలిగించినట్టు, అందులో ప్రతి చుక్కా సొంతంగా వెలుగుతుంది, సొంతంగా ఆరిపోతుంది. ఆరిన చోట నిజమైన నలుపు. రాత్రి దీపాలార్పి సినిమా చూసేవాళ్ళకు దీన్ని మించింది లేదు. కానీ ధర ఎక్కువ. పగటి వెలుగు బాగా పడే హాల్లో దాని గొప్ప సగం కనపడదు. వార్తల ఛానల్ కింద కదలకుండా ఉండే పట్టీని రోజూ గంటల తరబడి చూస్తే కొన్నేళ్ళకు దాని మచ్చ పలక మీద నిలిచిపోయే ప్రమాదమూ ఉంది. పొద్దస్తమానం వార్తలు చూసే మామగారున్న ఇంటికి నేనైతే దాన్ని చెప్పను.

మామూలు ఎల్.ఇ.డి.లోనూ రెండు రకాల ప్యానెళ్ళున్నాయి. ఐ.పి.ఎస్. అనేది పక్కనుంచి చూసినా రంగు మారదు. వి.ఎ. అనేది ఎదురుగా చూస్తే నలుపు బాగుంటుంది, పక్కకు పోతే వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. వంటింట్లోంచి ఓరగా చూస్తూ పప్పు తాలింపు వేసే మనకు ఇది చిన్న విషయం కాదు. ఏ రకమని అడగండి, చెప్పలేకపోతే మీరే పక్కకు నాలుగడుగులు నడిచి చూడండి.

4కె అంటే బొమ్మలో చుక్కల లెక్క. చౌక 32 అంగుళాల టీవీల్లో సుమారు 10 లక్షల చుక్కలు, ఫుల్ హెచ్.డి.లో 20 లక్షలు, 4కెలో 83 లక్షలు. చుక్కలు ఎక్కువైతే బొమ్మ బాగుంటుందని అనుకుంటాం. అసలు మెలిక ఇక్కడే ఉంది. అంగట్లో వేసే నెమళ్ళు, జలపాతాలు 4కె కోసమే తీసినవి. మనింటికి వచ్చేది కేబుల్లోనో డిష్‌లోనో ఎస్.డి. ఛానల్. ఆ కొద్దిపాటి చుక్కలను పెద్ద పలక మీద సాగదీస్తే, పలచటి పిండిని పెద్ద పెనం మీద పోసినట్టు చిల్లులు పడుతుంది. సీరియల్లో హీరోయిన్ ముఖం అలుక్కుపోతుంది. పాత టీవీయే నయమనిపిస్తుంది. కాబట్టి అంగట్లో మొహమాటం లేకుండా అడగండి: "బాబూ, ఆ నెమలి ఆపి, మామూలు ఛానల్ ఒకటి పెట్టు." అది పెట్టినప్పుడు ఏ టీవీ బాగుంటే అదే మీ టీవీ. ఇంట్లో హెచ్.డి. సెట్‌టాప్ బాక్సు, మంచి ఇంటర్నెట్ ఉంటే పెద్ద సైజుకు పొండి. ఫోన్ డేటాతోనే నడుపుకోవాలంటే మాత్రం, 4కెలో సినిమా గంటకు 7 జీబీ దాకా తింటుందని గుర్తుంచుకోండి.

అంగడి వెలుగులో కంటికి కొట్టేటట్టు టీవీలను వివిడ్ అనే పద్ధతిలో పెడతారు. పెళ్ళికూతురి ముఖం పసుపు పూసినట్టు, గడ్డి రాచిలక రంగులో వస్తుంది. స్టాండర్డ్‌కో సినిమాకో మార్చి చూపించమనండి. ఇంటికి తెచ్చిన తరువాత కూడా ఆ పనే చెయ్యండి. పెద్దవాళ్ళ కళ్ళకు హాయిగా ఉంటుంది, కరెంటూ తగ్గుతుంది.

కరెంటు అంటే గుర్తొచ్చింది. 80 వాట్ల టీవీ రోజుకు అయిదు గంటలు నడిస్తే నెలకు 12 యూనిట్లు. పెట్టె మీద నక్షత్రాల లేబుల్ చూసి పోల్చుకోండి. చాలా టీవీలు 100 నుంచి 240 వోల్టుల వరకు తట్టుకుంటాయి. వెనక రాసి ఉంటుంది, అలా ఉంటే స్టెబిలైజరు అంటగట్టనివ్వకండి. అక్టోబరు, నవంబరుల్లో మన వైపు ఉరుములు మెరుపులతో వానలు పడేటప్పుడు మాత్రం ప్లగ్గుతోపాటు కేబుల్ వైరు కూడా పీకెయ్యండి. ప్లగ్గు పీకి కేబుల్ వదిలేసి నష్టపోయిన ఇళ్ళు నాకు తెలుసు.

పలచబడ్డకొద్దీ టీవీలకు గొంతు పోయింది. వెనకటి డబ్బా టీవీల్లో స్పీకరుకు చోటుండేది. ఇప్పుడు అరచేతి మందం లేదు, శబ్దం కిందికో వెనక్కో పోయి గోడకు చెప్పుకుంటుంది. పాటలు గట్టిగా, మాటలు గొణిగినట్టు వినిపిస్తాయి. సౌండ్‌బార్ ఒకటి తగిలించుకోవాలంటే ఎ.ఆర్.సి. అని రాసిన హెచ్.డి.ఎం.ఐ. రంధ్రం ఉన్నదా చూడండి. వినికిడి తగ్గిన పెద్దవాళ్ళుంటే బ్లూటూత్ హెడ్‌ఫోను పనిచేస్తుందా అని అడగండి. మా ఇంట్లో ఇల్లంతా దద్దరిల్లకుండా కాపాడింది అదే.

స్మార్ట్ టీవీ అంటే లోపల ఒక ఫోను ఉన్నట్టే. ఫోను లాగే అదీ ముసలిదవుతుంది. మెమరీ 2 జీబీకి తగ్గకుండా చూడండి, లేకపోతే రెండేళ్ళకు ఒక్కొక్క బొత్తానికీ ఆవులిస్తూ కదులుతుంది. అప్పుడు టీవీ మార్చనక్కరలేదు, బయటినుంచి చిన్న స్టిక్ తగిలిస్తే సరిపోతుంది. కాబట్టి డబ్బు స్మార్ట్ విశేషాల మీద కాక ప్యానెల్ మీద పెట్టండి. ప్యానెల్ పగిలినా పాడైనా మార్పించడానికి దాదాపు కొత్త టీవీ అంత అవుతుంది. వారంటీ ప్యానెల్‌కు ఎన్నేళ్ళు, మిగతా భాగాలకు ఎన్నేళ్ళు అని విడివిడిగా అడగండి. సర్వీసు సెంటరు తిరుపతిలో ఉందా, చెన్నైకి పంపాలా అన్నది కూడా కొనకముందే తేల్చుకోవాలి. ఒకే ఫ్యాక్టరీలోంచి వేరువేరు పేర్లతో టీవీలు వస్తున్న కాలంలో, మీరు పేరుకు ఎక్కువ డబ్బు ఇస్తున్నారంటే ఆ సేవ కోసమే ఇవ్వాలి.

ధర విషయం. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లులో అది చూసుకోండి. వడ్డీలేని వాయిదాలంటే, చాలాసార్లు రొక్కానికి ఇచ్చే తగ్గింపు అందులో మాయమవుతుంది. రొక్కానికెంత, వాయిదాలకు మొత్తం ఎంత, ప్రాసెసింగ్ ఫీజుతో సహా రెండూ కాగితం మీద రాయించుకుని పక్కపక్కన పెట్టి చూడండి.

టీవీ ఇంటికి వచ్చినప్పుడు పెట్టె నిలువుగా ఉండాలి, ఆటోలో పడుకోబెట్టి తేనివ్వకండి. బిగించేవాళ్ళు వెళ్ళకముందే తెలుపు, ఎరుపు, నలుపు రంగులు నిండుగా వేయించి చుక్కలు, మచ్చలు ఉన్నాయేమో వెతకండి. తుడవడానికి పొడి మెత్తటి గుడ్డ చాలు, అద్దాలు తుడిచే ద్రావకం దాని మీద చల్లకూడదు.

పాత డబ్బా టీవీ ఇంకా అటక మీద ఉన్న ఇళ్ళున్నాయి. 1975లో మొదలైన మద్రాసు దూరదర్శన్ కోసం మిద్దె మీద పొడుగాటి గొట్టానికి ఆంటెనా కట్టి, శుక్రవారం అరవ పాటలు చూసిన రోజుల గుర్తు. ఉంచుకోవాలంటే ఉంచుకోండి. పారెయ్యాలంటే మాత్రం సుత్తితో పగలగొట్టే పాత ఇనుపవాడికి ఇవ్వకండి, దాని గాజులో సీసం ఉంటుంది. కొత్తది కొనే చోట ఎక్స్ఛేంజి కింద తీసుకుంటారేమో అడగండి. ఈ-వేస్టు తీసుకునే అనుమతి ఉన్నవాళ్ళకైనా ఇవ్వండి.

మా 55 అంగుళాల టీవీ ఇప్పుడు పక్క గోడకు మారింది. కొబ్బరిచెట్టు కనపడ్డం లేదు. కొత్త రిమోటులో బొత్తాలు తికమకగా ఉన్నాయని అత్తగారు గొణుగుతూ ఉంటే, ఆన్ చేసే దాని మీద ఎర్ర బొట్టుబిళ్ళ, శబ్దం పెంచేదాని మీద పచ్చది అంటించాను. ఇప్పుడు పన్నెండు కాకముందే ఆవిడే పెట్టుకుంటారు.