శివశక్తి దగ్గర పొద్దు ఎప్పుడు పొడుస్తుంది?

2023 ఆగస్టు 23, బుధవారం సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 ల్యాండర్ విక్రమ్ చంద్రుడి నేల మీద కాలు మోపింది. అప్పటికి నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్, ఆర్మూర్ చుట్టుపక్కల చేలల్లో పసుపు ఇంకా పచ్చని ఆకు మీద ఉంది. ఇస్రో యూట్యూబ్ చానెల్‌ను ఆ క్షణాన ఒకేసారి చూస్తున్నవాళ్లు 80 లక్షలు దాటారు; టీవీల ముందు కూర్చున్నవాళ్లు ఇంకెందరో. ఊరూరా టపాసులు పేలాయి, మిఠాయిలు పంచుకున్నారు. ఆ సంబరంలో కల్తీ లేదు. అయితే ఇప్పుడు ఎవరినైనా కదిపి చంద్రయాన్ గురించి చెప్పమంటే మూడు మాటలు వస్తాయి: దక్షిణ ధ్రువం మీద మనమే మొదట దిగాం, సినిమా ఖర్చు కన్నా తక్కువలో దిగాం, రష్యావాళ్లది కూలిపోయింది, మనది నిలిచింది. అక్కడ దిగి ఏం చూశాం అని అడిగితే మాత్రం జవాబు దొరకడం కష్టం. మన గర్వం తప్పు చోట నిలబడి ఉందని నా వాదన. దాన్ని పందెం ఫలితం మీద నిలబెడితే కొన్ని నెలల్లో పాతబడుతుంది. తెలుసుకున్న సంగతి మీద నిలబెడితే పాతబడదు, పైగా అది భీమ్‌గల్‌లో కూర్చున్న మనిషికి కూడా సొంతమవుతుంది.

మొదటి మాటనే తీసుకోండి. విక్రమ్ దిగిన చోటు దక్షిణ ధ్రువం కాదు. అది సుమారు 69 డిగ్రీల దక్షిణ అక్షాంశం మీద ఉంది. అసలు ధ్రువం అక్కడికి ఇంకా 600 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ధ్రువానికి అంత దగ్గరగా అప్పటిదాకా ఎవరూ సురక్షితంగా దిగలేదన్నది నిజం, ఇస్రో చెప్పిందీ అంతే. మధ్యలో 'దగ్గర' అన్న మాట జారిపోయి 'ధ్రువం మీద' అయి కూర్చుంది. సరే, ఆ రికార్డు ఎన్నాళ్లు నిలిచింది? 2024 ఫిబ్రవరి 22న ఒక అమెరికా ప్రైవేటు కంపెనీ పంపిన ఒడీసియస్ 80 డిగ్రీల అక్షాంశం దగ్గర దిగింది. పక్కకు ఒరిగిపోయిందిగానీ దిగడమైతే దిగింది. ఆరు నెలలు నిండకముందే రికార్డు చేతులు మారింది. మన గర్వమంతా ఆ రికార్డు మీదే ఉంటే, ఆ రోజుతో అదీ పోయి ఉండాలి కదా.

రెండో మాట, చౌకదనం. చంద్రయాన్-3 ఖర్చు సుమారు 615 కోట్ల రూపాయలు. 140 కోట్ల జనాభాకు పంచితే తలకు నాలుగున్నర రూపాయలు కూడా పడదు. ఈ లెక్క చెప్పడం తేలిక, వినడానికీ బాగుంటుంది. కానీ చౌక కావడమే గొప్ప కాదు. ఎందుకు చౌకైందో తెలిస్తేనే అందులో రుచి. 1969లో అపోలో-11 మనుషుల్ని ఎక్కించుకుని నాలుగు రోజుల్లో చంద్రుణ్ణి చేరింది, అందుకు సాటర్న్-5 అనే మహా రాకెట్ కావలసి వచ్చింది. మన ఎల్‌వీఎం-3కి అంత బలం లేదు. అందుకని 2023 జులై 14 మధ్యాహ్నం 2:35కి శ్రీహరికోట నుంచి లేచిన నౌకను ముందు భూమి చుట్టూ సాగిన కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో వదిలారు. అది భూమికి దగ్గరగా వచ్చినప్పుడల్లా ఇంజన్ కాసేపు మండించి కక్ష్యను పెద్దది చేసుకుంటూ పోయారు. ఆగస్టు 1న చంద్రుడి దారి పట్టించారు, 5న చంద్రుడి కక్ష్యలోకి చేర్చారు. ప్రయాణం మొత్తం 40 రోజులు. డబ్బుకు బదులు కాలాన్ని ఖర్చు పెట్టారన్నమాట. చేతిలో ఉన్న బలానికి తగ్గ దారి వెతుక్కున్న ఆ లెక్క, 615 కోట్ల అంకె కన్నా చెప్పుకోదగ్గది.

మూడో మాటకు ఎదురుగా ఒక ఆక్షేపణ ఎప్పుడూ ఉంటుంది: సోవియట్ లూనా-9 చంద్రుడి మీద 1966లోనే దిగింది, దాదాపు అరవై ఏళ్ల తర్వాత మనం దిగితే అంత ఆర్భాటమెందుకని. ఆ ప్రశ్నకు జవాబు దిగే పద్ధతిలోనే ఉంది. చంద్రుడి మీద గాలి లేదు, కాబట్టి పారాచూట్ పనికిరాదు. వేగమంతా ఇంజన్‌తోనే తగ్గించుకోవాలి. 30 కిలోమీటర్ల ఎత్తున విక్రమ్ సెకనుకు 1.68 కిలోమీటర్ల వేగంతో పోతోంది. అక్కడి సంకేతం మనను చేరడానికి 1.3 సెకన్లు, మన జవాబు తిరిగి చేరడానికి మరో 1.3 సెకన్లు. ఈలోగా నౌక నాలుగు కిలోమీటర్ల పైనే దాటిపోతుంది. అందుకే ఆ చివరి 19 నిమిషాలూ బెంగళూరులో ఉన్నవాళ్లు చూడడమే తప్ప చేసేదేం లేదు. అంతా విక్రమ్ సొంత నిర్ణయమే. 2019లో ఇజ్రాయెల్ బెరెషీట్ కూలింది, అదే ఏడాది సెప్టెంబరు 7 తెల్లవారుజామున మన చంద్రయాన్-2 విక్రమ్ కూలింది, 2023 ఏప్రిల్‌లో జపాన్ కంపెనీ పంపిన హకుటో-ఆర్ కూలింది, మన విజయానికి నాలుగు రోజుల ముందు రష్యా లూనా-25 కూలింది. హకుటో-ఆర్‌లో యూఏఈ వాళ్ల రాషిద్ రోవర్ ఉంది. దుబాయ్‌కి బతకబోయిన కొడుకులున్న ఇళ్లు నిజామాబాద్ జిల్లాలో ఎన్నో. ఆ దేశపు ఆశ కూడా ఆ ఏప్రిల్‌లోనే చంద్రుడి మట్టిలో కలిసింది. ఇది తెలిసినవాడికి ఇంకొకరి నౌక కూలిందని ఎగతాళి చేయబుద్ధి కాదు.

నా మటుకు చంద్రయాన్-3లో అన్నిటికన్నా పెద్ద సంగతి చంద్రయాన్-2 ఓటమికి లెక్క చెప్పిన తీరు. అప్పట్లో ఇస్రో అధ్యక్షుడిగా ఉన్న ఎస్. సోమనాథ్ కారణాలు బహిరంగంగానే చెప్పారు. ఇంజన్లు అనుకున్నదాని కన్నా ఎక్కువ తోపు ఇచ్చాయి, దాంతో తేడాలు పోగుపడ్డాయి. వాటిని సరిదిద్దుకోవడానికి నౌక వేగంగా తిరగాల్సి వచ్చింది, సాఫ్ట్‌వేర్ అంత వేగాన్ని ఒప్పుకోలేదు. పైగా దిగడానికి ఇచ్చిన చోటు అర కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు మాత్రమే; దాన్ని అందుకోవాలని నౌక ఇంకా వేగం పెంచింది. ఈసారి ఆ చోటును సుమారు 4 కిలోమీటర్లకు 2.4 కిలోమీటర్లుగా పెంచారు, కాళ్లకు బలం ఇచ్చారు, ఇంధనం ఎక్కువ పోశారు, నడిమి ఇంజన్ తీసేశారు, వేగాన్ని కొలిచే కొత్త లేజర్ పరికరం పెట్టారు. ఏది ఎలా గెలుస్తుందని కాకుండా ఏది ఎలా చెడుతుందని ఆలోచించి కట్టిన యంత్రమిది.

ఇక దిగాక చూసిందేమిటి? విక్రమ్ దగ్గర చేస్ట్ అనే పరికరం ఉంది. పది ఉష్ణోగ్రత సెన్సర్లు అమర్చిన ఒక సన్నటి కడ్డీ. మట్టిలోకి 10 సెంటీమీటర్ల వరకు దిగగలదు. దిగిన నాలుగో రోజున, ఆగస్టు 27న, ఇస్రో దాని తొలి గ్రాఫ్ బయటపెట్టింది. నేల పైన సుమారు 50 డిగ్రీలు. 8 సెంటీమీటర్ల లోతున మైనస్ 10. అంటే నాలుగు వేళ్ల లోతులో 60 డిగ్రీల తేడా! మన పొలంలో నడివేసవి మధ్యాహ్నం తవ్వినా ఇలాంటిది ఊహకు అందదు. కారణం అక్కడి మట్టి. మెత్తటి పొడి, రేణువుల మధ్య గాలి లేదు, తడి లేదు. వేడిని కిందికి పోనివ్వదు. నివురు కప్పిన నిప్పును తిరగేస్తే ఎలా ఉంటుందో అలా, వేడి పైన, చలి కింద. తర్వాత 2025లో అచ్చయిన పరిశోధన పత్రంలో ఇంకో ఆసక్తికరమైన సంగతి ఉంది. కడ్డీ గుచ్చుకున్న చోటు సూర్యుడి వైపు 6 డిగ్రీలు వాలి ఉంది, అక్కడ నేల 82 డిగ్రీల దాకా కాగింది. మీటరు దూరంలోని చదును నేల మాత్రం 59 డిగ్రీల దగ్గరే ఉంది. ఏటవాలులో ఎండ పడే దిక్కు ముందు ఆరుతుందని రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. చంద్రుడి మీద ఆ తేడా మీటరులోనే 20 డిగ్రీలు దాటింది. దీన్ని తిరగేసి ఆలోచిస్తే, సూర్యుడికి ఎడమొహంగా ధ్రువం వైపు బాగా వాలిన చోట్ల, ధ్రువం దాకా పోకుండానే, కొద్ది లోతులో మంచు నిలిచే వీలుంది. చంద్రుడు ఎముకలా ఎండిపోయాడనుకునే రోజుల్లో అక్కడ నీటి జాడ ఉందని 2009లో తేల్చింది 2008లో మనం పంపిన చంద్రయాన్-1 మీది అమెరికా పరికరం. ఆ కథకు ఇది తరువాయి. ఒడీసియస్ వచ్చినా ఇంకొకటి వచ్చినా ఈ కొలత చెరిగిపోదు.

ఇవన్నీ శాస్త్రవేత్తలకు, మనకెందుకు అనేవాళ్లకు ఒక చిన్న లెక్క. చంద్రుడి మీద ఒక పగలు మన 14 రోజులు, రాత్రి మరో 14 రోజులు. విక్రమ్ సౌరవిద్యుత్తుతో నడిచే యంత్రం కాబట్టి దిగిన చోట పొద్దు పొడిచాక దిగాలి, పొద్దు గుంకేలోగా పని ముగించాలి. అక్కడ పొద్దు ఎప్పుడు పొడుస్తుందో మన గోడ మీది తెలుగు క్యాలెండర్ చెబుతుంది. శివశక్తి అని పేరుపెట్టిన ఆ చోట శుద్ధ పంచమి నాటికి తెల్లవారుతుంది, బహుళ పంచమి నాటికి చీకటి పడుతుంది, ఒక రోజు అటూ ఇటూ. విక్రమ్ దిగింది నిజ శ్రావణ శుద్ధ సప్తమి నాడు. ఆ వేళకు మబ్బులేని చోట దాదాపు సగం చంద్రుడు దక్షిణాకాశంలో కంటికి కనిపిస్తూనే ఉన్నాడు. విక్రమ్‌ను నిద్రపుచ్చిన సెప్టెంబరు 4 శ్రావణ బహుళ పంచమి. రాత్రి అక్కడి చలి మైనస్ 160 డిగ్రీల కిందికి పోతుంది. మళ్లీ లేపే ప్రయత్నం సెప్టెంబరు 22న, వినాయక చవితి అయిన నాలుగు రోజులకు, భాద్రపద శుద్ధ సప్తమి నాడు జరిగింది, విక్రమ్ లేవలేదు. భీమ్‌గల్ పక్కన లింబాద్రి గుట్ట జాతర కార్తీకంలో జరుగుతుంది. ఆ నెల పున్నమి రాత్రి నిండు చంద్రుణ్ణి చూసినప్పుడు, శివశక్తి దగ్గర పొద్దు మన ఊళ్లో మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఉన్నట్టు ఉందనుకోవచ్చు. దీనికి దూరదర్శిని అక్కర్లేదు, ఇంగ్లిషు రానక్కర్లేదు.

పసుపుకు ధర రానిచోట చంద్రుడి ముచ్చట ఎందుకనే ఆక్షేపణ తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. చంద్రయాన్-2 ఎగిరిన 2019లోనే, అంతకు మూడు నెలల ముందు, నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 178 మంది రైతులు పోటీకి దిగారు. అడిగింది పసుపు బోర్డు, గిట్టుబాటు ధర. బోర్డు 2025 జనవరి 14న నిజామాబాద్‌లో మొదలైంది. మద్దతు ధర జాబితాలో మాత్రం పసుపు ఇప్పటికీ లేదు. కానీ ఈ ఆలస్యానికి కారణం రాకెట్ ఖర్చు కాదు. ధర మార్కెట్టూ విధానమూ కలిసి తేల్చేది, 615 కోట్లు మిగిల్చినంత మాత్రాన పసుపు కొమ్ముకు ధర పెరగదు. అలాగని ఉపగ్రహాలు రైతుకు వాన కబురు చెబుతున్నాయి కాబట్టి చంద్రయాన్ కూడా రైతు కోసమే అనే వాదన కూడా సరి కాదు. ఉడకబెట్టిన పసుపు కల్లంలో ఆరుతుండగా అకాల వాన హెచ్చరిక ఇవ్వడంలో సాయపడేవి ఇన్సాట్ లాంటి వాతావరణ ఉపగ్రహాలు. ఆ పుణ్యం వాటి ఖాతాలోదే. విక్రమ్ నుంచి రైతు తీసుకోదగ్గది వేరే ఉంది. ఎక్కడ చెడింది, ఎందుకు చెడింది, మళ్లీ ఎప్పుడు చేస్తారు అన్న మూడు ప్రశ్నలకు ఇస్రో జవాబిచ్చింది. అవే మూడు ప్రశ్నలు పసుపు బోర్డును అడిగే హక్కు ఇక్కడివాళ్లకు ఉంది. సంగతులు అడిగి తెలుసుకునే అలవాటు ఒక చోట పడితే రెండో చోట ఊరుకోదు.

జనానికి వివరాలు అక్కర్లేదు, గర్వం ఒక్కటి చాలు, పిల్లలు దాంతోనే ఉత్సాహపడతారు అనేవాళ్లూ ఉన్నారు. ఒక సాయంత్రం ఉత్సాహం వాళ్లను లెక్కల పుస్తకం దాకా తీసుకుపోదు, ప్రశ్న తీసుకుపోతుంది. మనది మనది అనుకోవడానికి కారణాలు లేకపోలేదు: శ్రీహరికోట మన తీరం, రాకెట్‌లోని కొన్ని ప్రత్యేక లోహ మిశ్రమాలు హైదరాబాద్ మిధానివి, బెంగళూరు దగ్గర బ్యాలాలులో చంద్రుడి మాట వినే 32 మీటర్ల యాంటెన్నా కట్టడంలో హైదరాబాద్‌లోనే ఉన్న ఈసీఐఎల్ చెయ్యి ఉంది. బాగుంది. ఆ యాంటెన్నా అంత పెద్దది ఎందుకు కావాలో కూడా పిల్లలు అడిగితే ఇంకా బాగుంటుంది. (ప్రయోగానికి ముందు సోమనాథ్ సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి వెళ్లారని కొందరు వెక్కిరించారు, కొందరు గెలుపుకు అదే కారణమన్నారు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్‌లో చేసిన మార్పుల గురించి మాట్లాడలేదు.)

మామూలు మనిషి కుతూహలం ఎంత దూరం పోగలదో చంద్రయాన్-2 విషయంలోనే రుజువైంది. కూలిపోయిన విక్రమ్ శకలాల జాడను మొదట పట్టుకున్నది చెన్నై ఇంజనీరు షణ్ముగ సుబ్రమణియన్. నాసా అందరికీ అందుబాటులో పెట్టిన చిత్రాల్లో పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టుకుని వెతికారు. 2019 డిసెంబరులో నాసా అది నిజమేనని ఒప్పుకుంది. చంద్రయాన్-3 సమాచారాన్ని ఇస్రో 2024 ఆగస్టు 23న, తొలి జాతీయ అంతరిక్ష దినోత్సవం నాడు, ప్రదాన్ అనే తన వెబ్‌సైటులో పెట్టింది. భీమ్‌గల్ బడుల్లో వచ్చే ఆగస్టు 23కి ఉపన్యాస పోటీ పెట్టేవాళ్లు ఈసారి దానికి బదులు చేస్ట్ గ్రాఫ్‌ను గోడకు అంటించి, నాలుగు వేళ్ల లోతులో 60 డిగ్రీలు ఎందుకు తగ్గిందో పిల్లలనే చెప్పమనాలి. డిగ్రీ చదివే వాళ్లయితే అసలు సమాచారాన్నే దించుకోవచ్చు. పేరు నమోదు చేసుకుంటే చాలు, రుసుము లేదు.