మోడ్‌కు ధర ఉండొచ్చు, పావలా వాటా చాలదు

వీడియో గేమ్‌లో కొత్త ఊళ్లు, పాత్రలు, ఆయుధాలు చేర్చడానికో, ఉన్న లోపాలు సరిదిద్దడానికో ఆటగాళ్లే తయారుచేసే ఫైళ్లను మోడ్‌లు అంటారు. తయారుచేసే మోడర్లు వీటిని దశాబ్దాలుగా ఎక్కువగా ఉచితంగానే పంచుతున్నారు. 2015 ఏప్రిల్ 23న అమెరికా కంపెనీ వాల్వ్ ఈ పద్ధతిని మార్చబోయింది. ‘స్కైరిమ్’ గేమ్‌ను తెచ్చిన బెథెస్డాతో కలిసి, తన స్టీమ్ స్టోర్‌లో మోడర్లు తమ మోడ్‌లకు ధర పెట్టుకునే వీలు కల్పించింది. సరిగ్గా నాలుగు రోజులకు, ఏప్రిల్ 27న, ఆ పథకాన్ని ఎత్తేసి కొన్నవాళ్లకు డబ్బు తిరిగిచ్చేసింది.

మోడర్ తన పనికి ధర పెట్టుకోవచ్చా అన్న ప్రశ్న అప్పటినుంచీ నలుగుతూనే ఉంది. జవాబు ఆ నాలుగు రోజుల లెక్కల్లోనే దొరుకుతుంది.

ఎవరికి ఎంత?

అమ్మకం సొమ్ములో వాల్వ్‌కు 30 శాతం, బెథెస్డాకు 45 శాతం, మోడర్‌కు 25 శాతం. అంటే రూపాయికి పావలా. మోడర్ వాటా 100 డాలర్లకు చేరితేగాని చేతికి రాదు. 4 డాలర్ల మోడ్‌ను 100 మంది కొంటే 400 డాలర్లు వస్తాయి. అందులో 300 రెండు కంపెనీలకు పోగా, నెలల తరబడి కూర్చుని పనిచేసిన మనిషికి 100 మిగులుతాయి.

పథకాన్ని ఎత్తేయాలన్న ఆన్‌లైన్ విజ్ఞప్తిపై 1,30,000 మందికి పైగా సంతకాలు చేశారు. పథకం వల్ల మొత్తం వచ్చింది 10 వేల డాలర్లేనని, దానివల్ల పోటెత్తిన ఈమెయిళ్లకు అయిన ఖర్చులో అది 1 శాతమని వాల్వ్ అధినేత గేబ్ న్యూవెల్ చెప్పారు.

కోపంలో న్యాయం ఎంత?

డబ్బు పెట్టడం ఇష్టంలేకే గొడవ చేశారనుకుంటే పొరపాటు. ఒక మోడ్ తరచూ ఇంకొకరి ఉచిత మోడ్‌పై ఆధారపడి పనిచేస్తుంది. అమ్మకానికి పెట్టిన ఒక చేపల వేట మోడ్‌లో వేరొకరి యానిమేషన్ పని ఉందని తేలడంతో, దాన్ని వెంటనే తీసేయాల్సి వచ్చింది. డబ్బు వాపసు అడగడానికి ఇచ్చిన గడువు 24 గంటలు. గేమ్‌కు కొత్త అప్‌డేట్ వచ్చాకే చాలా మోడ్‌లు పాడవుతాయి. అప్పటికి ఆ గడువు ఎప్పుడో దాటిపోతుంది.

అదే వాల్వ్‌కు మరోచోట ఇంత వ్యతిరేకత రాలేదు. ‘టీమ్ ఫోర్ట్రెస్ 2’, ‘డోటా 2’, ‘కౌంటర్-స్ట్రైక్’ గేమ్‌లకు టోపీలు, దుస్తులు, ఆయుధాల రూపాలు తయారుచేసిన 1,500 మందికి పైగా వ్యక్తులకు మొత్తం 5.7 కోట్ల డాలర్లు చెల్లించామని 2015 జనవరిలో ప్రకటించింది. సగటున తలకు సుమారు 38 వేల డాలర్లు; అందరికీ సమానంగా అందాయని కాదు. అక్కడ కంపెనీయే వస్తువును ఎంపిక చేసి గేమ్‌లో చేర్చింది, దాన్ని నడిపే బాధ్యతా తీసుకుంది. ‘స్కైరిమ్’ విషయంలో వాటా తీసుకుంది కానీ బాధ్యతను మోడర్‌కు, కొన్నవాళ్లకు వదిలేసింది.

చట్టం ఎటువైపు?

‘డ్యూక్ న్యూకెమ్ 3డి’ ఆటగాళ్లు తయారుచేసిన 300 లెవెళ్లను మైక్రో స్టార్ అనే సంస్థ సీడీలో పెట్టి అమ్మింది. అది కాపీరైట్ ఉల్లంఘనేనని 1998లో అమెరికా అప్పీళ్ల కోర్టు తేల్చింది. డ్యూక్ కథను ముందుకు నడిపే హక్కు ఆ గేమ్ యజమానిదే అంది. కాబట్టి మోడ్ అమ్మాలంటే కంపెనీ అనుమతి కావాలి. ఆ అనుమతికి కొంత వాటా అడగడమూ తప్పు కాదు.

కానీ కంపెనీలకు మోడర్లు పెట్టిన భిక్ష తక్కువేమీ కాదు. ‘కౌంటర్-స్ట్రైక్’ 1999లో ‘హాఫ్-లైఫ్’కు మిన్ లీ, జెస్ క్లిఫ్ చేసిన మోడ్. ఆ మరుసటి ఏడాదే వాల్వ్ దాన్ని సొంతం చేసుకుంది. బ్రెండన్ గ్రీన్ ‘ఆర్మా’ గేమ్‌లకు చేసిన మోడ్‌లలో పుట్టిన ఆలోచనే 2017లో పబ్జీ అయింది. 2020 సెప్టెంబరులో మన దేశంలో దాని మొబైల్ రూపాన్ని నిషేధించేదాకా తెలుగు కుర్రాళ్ల ఫోన్లలోనూ అది రాజ్యమేలింది.

2015 గొడవ తర్వాత కంపెనీలు దారి మార్చాయి. బెథెస్డా తాను గుర్తించిన మోడర్లకు 2023 డిసెంబరులో ‘స్కైరిమ్’లో, 2024 జూన్‌లో ‘స్టార్‌ఫీల్డ్’లో అమ్ముకునే అవకాశం ఇచ్చింది. మోడ్‌లు ఉచితంగానే ఉంచుతూ విరాళాల నిధి నుంచి మోడర్లకు పంచే పద్ధతిని మోడ్‌లు పంచే వెబ్‌సైట్ నెక్సస్ మోడ్స్ 2018లో మొదలుపెట్టింది.

న్యాయమైన లెక్క

మోడర్ ధర పెట్టుకోవచ్చు, పెట్టుకునే హక్కు ఉండాలి. పని చేసినవాడికి కూలి అడిగే హక్కు లేదనడం ఏ రంగంలోనూ చెల్లదు. అయితే మూడు షరతులు కావాలి. మోడర్‌కు కనీసం 50 శాతం దక్కాలి; స్టోర్ తన 30 తీసుకున్నా గేమ్ కంపెనీకి 20 మిగులుతుంది, గేమ్ ధర ఆ కంపెనీకి ముందే ముట్టింది కూడా. ఇతరుల పని వాడితే వారి అనుమతీ, వాటా ముందే తేల్చుకోవాలి. అప్‌డేట్‌తో మోడ్ పాడైతే సరిచేయాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి.

ఈ నియమాలు వచ్చేదాకా ఆటగాళ్లు చేయగలిగింది ఒకటుంది. మీకు నచ్చిన మోడ్ పేజీలో విరాళం లింకు ఉందేమో చూడండి. ఉంటే, ఆ మోడర్‌కు మీకు తోచినంత పంపండి.