ప్రెషర్ వాషర్: గన్ పట్టే చేతికి తెలియాల్సినవి

ఉట్నూర్ లాంటి ఊళ్లలో బండ్లు కడిగే షెడ్లకు ప్రెషర్ వాషర్ మామూలు వస్తువైపోయింది. మార్కెట్ గచ్చు కడగడానికీ, మోరీలు తీయడానికీ ఇలాంటి యంత్రాలే వస్తున్నాయి. గన్ పట్టేది ఎక్కువగా ఎవరి పిల్లలో మనకు తెలుసు. యంత్రం కొన్నవాళ్లు దాన్ని ఎట్లా వాడాలో వాళ్లకు చెప్పరు. అందుకే ఇది రాస్తున్నాం.

ఎట్లా పనిచేస్తుంది?

ఇంటి నల్లా నీళ్ల ఒత్తిడి రెండు మూడు బార్లు. ఈ యంత్రంలో మోటార్ తిప్పే పంపు నీళ్లను సన్నటి నాజిల్ గుండా తోస్తుంది. ఒత్తిడి 100 నుంచి 150 బార్ల దాకా పోతుంది. చాలా యంత్రాల్లో ఎర్ర నాజిల్ సున్నా డిగ్రీలు, పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40. ఎర్రదాని ధార సూదిలాంటిది. మామూలు పనికి దాన్ని పెట్టొద్దు.

దెబ్బ పైకి కనిపించదు

ఆ ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. పైన చిన్న రంధ్రమే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా తక్కువే ఉండొచ్చు. లోపల మాత్రం నీళ్లు, మురికి కండల మధ్య పాకి ఉంటాయి. ‘చిన్న దెబ్బే’ అని కట్టు కట్టి పనికి పంపితే వేలో, చెయ్యో పోవచ్చు. ఆదిలాబాద్ రిమ్స్ దాకా పోవాల్సి వచ్చినా సరే, వెంటనే సర్జన్‌కు చూపించాలి. ‘ప్రెషర్ గన్ దెబ్బ’ అని స్పష్టంగా చెప్పాలి.

పనికి ముందు, పనిలో, పని తర్వాత

- గంబూట్లు, కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉండాలి. చెప్పులతో గన్ పట్టొద్దు.
- కరెంటు యంత్రానికి ఎర్తింగ్, షాక్ కొడితే సరఫరా ఆపే స్విచ్ ఉండాలి. తడి నేల మీద అతుకుల వైరు వద్దు.
- పెట్రోల్ యంత్రాన్ని మూసిన గదిలో నడపొద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.
- ముందు నీళ్లు వదిలి, తర్వాతే మోటార్ వేయాలి.
- గన్ ఎవరి వైపూ తిప్పొద్దు, సరదాకైనా.
- ఆపాక ట్రిగ్గర్ నొక్కి మిగిలిన ఒత్తిడి వదలాలి. ఆ తర్వాతే పైపు ఊడదీయాలి.

మ్యాన్‌హోల్ దగ్గర

జెట్టింగ్ చేస్తే అడుగున పేరుకున్న బురద కదిలి హైడ్రోజన్ సల్ఫైడ్ పైకి లేస్తుంది. అది ఎక్కువైతే ముక్కు వాసనే పట్టదు. అందుకే యంత్రం ఉన్నా మనిషి లోపలికి దిగకూడదు.

2017లో హైదరాబాద్ జలమండలి దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి 70 మినీ జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దించింది. మనిషిని దించకుండా పని చేయొచ్చని అది చూపించింది. 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు కాల్వలోకి, సెప్టిక్ ట్యాంకులోకి దించడం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, 2 లక్షల దాకా జరిమానా. మురుగు కాల్వల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబర్ 20న సుప్రీంకోర్టు చెప్పింది.

యంత్రం వస్తే కులం పని పోదు. గన్ పట్టే చెయ్యి అదే అయితే కనీసం ఆ చేతికి తొడుగు, శిక్షణ, దెబ్బ తగిలితే పరిహారం ఉండాలి. మీ ఊరి పంచాయతీలో యంత్రం కొన్న బిల్లుతో పాటు బూట్లు, తొడుగులు కొన్న బిల్లు కూడా సమాచార హక్కు కింద అడగండి. రెండోది లేకపోతే అక్కడి నుంచే మన పని మొదలు.