గట్టుకూ పడవకూ మధ్య అడుగు దూరం

ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు ప్రాంతంలో అరవై దాటినవాళ్లకు పెన్నా అంటే ఎక్కువగా గుర్తొచ్చేది ఇసుకే. నాలుగు వానలు పడితే ఏరు పారేది, ఆ తర్వాత చెలమ తవ్వుకోవడమే. ఈత నేర్చినవాళ్లు దిగుడుబావిలో నేర్చారు, ఆడవాళ్లలో చాలామంది అసలు నేర్చుకోనే లేదు. ఆ తరం ఇప్పుడు మనవళ్ల వెంట పడవెక్కుతోంది. శ్రీశైలం దగ్గర బయలుదేరిన కృష్ణా నీళ్లు పోతిరెడ్డిపాడు, గోరకల్లు, అవుకు దాటి గండికోట జలాశయంలో నిలుస్తున్నాయి. నిండితే 26.85 టీఎంసీలు. అక్కడినుంచి ఎత్తిపోస్తే పులివెందుల వైపు, పార్నపల్లె దగ్గరున్న చిత్రావతి జలాశయానికి చేరతాయి. గండికోటకు దిగువన మైలవరం ఉండనే ఉంది. నీళ్లు వచ్చాయి, పడవలూ వచ్చాయి, మోకాళ్లు మాత్రం పాతవే.

పెద్దవాళ్లను పడవెక్కించేటప్పుడు ఇంట్లోవాళ్ల భయమంతా నడినీళ్ల మీదే ఉంటుంది. నా భయం గట్టు దగ్గర. పడవలో కూర్చున్న మనిషికి వచ్చే ముప్పు కన్నా ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వేసే ఒక్క అడుగులో ఉండే ముప్పే ఎక్కువ.

దిగే సంగతే చూడండి. 60 కిలోల మనిషి, 240 కిలోల చిన్న పడవ. గట్టు మీదికి సెకనుకు అర మీటరు వేగంతో అడుగేస్తే, తాడు కట్టని పడవ సెకనుకు 12 సెంటీమీటర్లకు పైగా వెనక్కి జరుగుతుంది. న్యూటన్ మూడో సూత్రం ఇక్కడ ఎవరినీ మినహాయించదు. ఒక కాలు గట్టు మీద, ఒక కాలు పడవలో, మధ్యలో సందు పెరుగుతూ ఉంటుంది. కుర్రవాడైతే రెప్పపాటులో సర్దుకుంటాడు. వయసు మళ్లాక తొడ కండరాల్లో ఆ చురుకు ఉండదు, షుగరు ఉంటే అరికాళ్లకు నేల తెలియడమూ తగ్గుతుంది. అందుకే పడవను ముందూ వెనకా తాళ్లతో బిగించాకే ఎవరైనా లేవాలి. ఆదరంగా చెయ్యి అందిస్తారు గానీ ఆ చెయ్యి కూడా పడవతో పాటు ఊగేదే. "చెయ్యి కాదవ్వా, కమ్మీ పట్టుకో. కుచ్చిళ్లు పైకి దోపుకో, చెప్పులు ఆ పిల్లోనికియ్యి" అనే పడవవాడు దొరికితే అదృష్టమే. రెండు చేతులు, రెండు కాళ్లలో మూడు ఎప్పుడూ దేనికో ఒకదానికి ఆని ఉండాలి, నాలుగోది మాత్రమే కదలాలి. చేతిలో టిఫిన్ క్యారియర్ ఉంటే ఈ లెక్క కుదరదు.

ఇంకో చిక్కు జలాశయానిది. అందులో నీటిమట్టం ఒకచోట ఉండదు. వరద కాలం తర్వాత మెట్టుకు దగ్గరగా ఉన్న నీళ్లు ఎండాకాలానికి బాగా దిగిపోతాయి. అప్పుడు బురద పట్టిన వాలు దిగి పడవ దగ్గరకు పోవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కార్తీకంలో పోయిన చోటికే వైశాఖంలో పోవడం వేరే పని.

మనం పడిపోకుండా నిలబడటానికి మూడు సాక్ష్యాలు కావాలి: కళ్లు, లోపలి చెవిలోని తుల్యతా యంత్రం, పాదాల నుంచీ కీళ్ల నుంచీ అందే కబురు. వయసుతో మూడూ మందగిస్తాయి. లోపలి చెవిలో కదలికను పసిగట్టే సన్నని రోమకణాలు తగ్గిపోతాయి. అరవై ఏళ్ల కంటి తెరకు చేరే వెలుతురు ఇరవై ఏళ్లవాడికి చేరేదానిలో దాదాపు మూడో వంతే, ఎందుకంటే కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు తిరుగుతుంది. మిట్టమధ్యాహ్నం నీటి మీది తళతళ నుంచి సాయంత్రం కొండ నీడలోకి వచ్చి దిగినప్పుడు మెట్టు అంచు కనపడదు. ఐదింటికే దిగిపోయేట్టు చూసుకోవడం మంచిది.

ఒక సంతోషం కూడా ఉంది. పడవలో కడుపు తిప్పడం పిల్లల్లోనే ఎక్కువ, వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. కాబట్టి వాంతుల మాత్రను ముందుజాగ్రత్త పేరుతో మింగించే పని పెట్టుకోకండి. వాటిలో కొన్ని పెద్దవాళ్లకు మగతనూ తికమకనూ తెస్తాయి, ప్రోస్టేటు ఉబ్బినవాళ్లకు మూత్రం బిగపడుతుంది.

మూత్రం మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. పడవలో మరుగుదొడ్డి ఉండదని పొద్దున్నుంచీ నీళ్లు తాగని జేజెమ్మలు మన ఇళ్లలోనే ఉన్నారు. బీపీకి వాడే నీళ్ల మాత్రను ఆ రోజుకు మానేసే పెద్దమనుషులూ ఉన్నారు. వయసుతో దాహం తెలియడమే తగ్గుతుంది, పైగా నీటి మీది గాలి చల్లగా తగిలి చెమట పోతున్న సంగతి తెలియనివ్వదు. నీళ్లు చాలని ఒంట్లో, కూర్చున్నవాళ్లు గబుక్కున లేస్తే నెత్తురు కాళ్లలోకి దిగి కళ్లు బైర్లు కమ్ముతాయి. అదీ సరిగ్గా దిగే వేళకు. మాత్ర ఏ పూటకు మార్చుకోవాలో డాక్టరును అడగాలి, షికారును గంటకు కుదించుకోవాలి, గుక్కగుక్కగా తాగుతూ ఉండాలి. షుగరు మాత్రలు వాడేవాళ్ల జేబులో నాలుగు చక్కెర బిళ్లలు ఉండాలి.

లైఫ్ జాకెట్ విషయంలో మొహమాటం పనికిరాదు. ఊపిరి నిండా ఉంటే మనిషి ఒళ్లు నీళ్లలో అరకొరగా తేలుతుంది, నోరు మాత్రం నీటి పైన నిలవదు. మామూలు నురుగు జాకెట్ పైకి మోసేది 7 కిలోల బరువు. తల బరువు నాలుగైదు కిలోలే కాబట్టి అది చాలు. అయితే జాకెట్ ఒంటిని పట్టి ఉండాలి. భుజాల దగ్గర పట్టుకుని ఎవరైనా పైకి లాగినప్పుడు అది గడ్డం దాటి వచ్చేస్తే, నీళ్లలోనూ అంతే, మనిషి కిందికి, జాకెట్ పైకి. భుజం బిగుసుకుపోయినవాళ్లకు ఊగే పడవలో తొడగడం కష్టం, గట్టు మీద కుర్చీలో కూర్చోబెట్టి తొడిగించాలి. తడిసిన చీర బరువెక్కి ముంచేస్తుందంటారు గానీ నీళ్లలో ఉన్నంతసేపు ఆ తడికి బరువు ఉండదు. కాళ్లకు చుట్టుకోవడమే దాని ప్రమాదం.

2017 నవంబరు 12, కార్తీక ఆదివారం సాయంత్రం, విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో ఒక ప్రైవేటు పడవ బోల్తా పడింది. 20 మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు, అక్కడి వాకర్స్ క్లబ్ సభ్యులు. రోజూ నడిచే, ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్న మనుషులు. పడవకు అనుమతి లేదు, ఎక్కించుకోవలసినవాళ్ల కన్నా ఎక్కువమందిని ఎక్కించుకున్నారు, జాకెట్లు లేవు. ఒంటి సత్తువ అక్కడ అక్కరకు రాలేదు. పడవ నిలకడ దాని బరువు కేంద్రం ఎంత కింద ఉందన్నదాని మీద ఆధారపడుతుంది. నిలబడినవాళ్ల బరువు కేంద్రం బొడ్డు ఎత్తున ఉంటుంది, కూర్చుంటే దిగుతుంది. పుట్టిలో పోయే జాలరి ప్రయాణికులను అడుగున చతికిలబడమనడం అందుకే. గండికోట దగ్గర కోట కనిపించగానే అందరూ ఒక పక్కకు లేచి ఫోన్లు తీస్తే పడవ ఎటు ఒరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఒకవేళ నీళ్లలో పడి బయటపడితే, అసలు తప్పు చాలాసార్లు ఆ తర్వాత జరుగుతుంది. మెడ దాకా మునిగినప్పుడు నీటి ఒత్తిడికి కాళ్లలోని నెత్తురు గుండె వైపు ఎగుస్తుంది. నిలువుగా పైకి లాగి నిలబెట్టగానే ఆ ఒత్తిడి పోయి, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే వీలైతే అడ్డంగా ఎత్తి పడుకోబెట్టాలి, నడిపించకూడదు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటే ఆయాసం కొన్ని గంటల తర్వాత మొదలుకావచ్చు. జమ్మలమడుగుకో ప్రొద్దుటూరుకో తీసుకుపోయి డాక్టరుకు చూపించి, ఒక పూట కనిపెట్టి ఉండాలి. "నాకేం కాలేదురా, ఇంటికి పోదాం పదండి" అని పెద్దాయన ఎంత గదమాయించినా సరే.