ఉప్పు-నిప్పు జోడీ: బడ్డీ యాక్షన్ కామెడీల్లో అసలు కథ ఏది?

ఒకరు చట్టం తరఫున నిలిచినవారు, మరొకరు చట్టానికి చిక్కినవారు. ఒకరిది దూకుడు, మరొకరిది నిదానం. ఒకరికొకరు గిట్టని ఇలాంటి ఇద్దరిని ఒకే కారులో కూర్చోబెట్టి, ఒకే నేరస్థుడి వెంట పంపడమే హాలీవుడ్ 'బడ్డీ యాక్షన్ కామెడీ' సూత్రం. ఈ కోవలో లెక్కకు మించి చిత్రాలు వచ్చినా ప్రేక్షకుల మనసులో నిలిచినవి కొన్నే. ప్రతినాయకుడు ఎలా దొరికాడన్న దానికంటే, ఆ ఇద్దరికీ పరస్పరం నమ్మకం ఎలా కుదిరిందన్నదే వాటిలో అసలు కథ.

మూలాలు ఎక్కడ?

ఈ జోడీ హాస్యచిత్రాలతో పుట్టలేదు. జపాన్ దర్శకుడు అకిరా కురోసావా 1949లో తీసిన 'స్ట్రే డాగ్'లో తుపాకీ పోగొట్టుకున్న యువ డిటెక్టివ్, అనుభవజ్ఞుడైన సీనియర్‌తో కలిసి గాలింపు సాగిస్తాడు. 1967 నాటి 'ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్'లో నల్లజాతి డిటెక్టివ్, అమెరికా దక్షిణాదికి చెందిన శ్వేతజాతి పోలీసు అధికారి ఒక హత్య కేసును కలిసి దర్యాప్తు చేయవలసి వస్తుంది. ఆ చిత్రం ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలుచుకుంది.

ఈ ఘర్షణకు హాస్యాన్ని జోడించి కొత్త బాట వేసిన చిత్రం వాల్టర్ హిల్ దర్శకత్వంలో 1982లో వచ్చిన '48 అవర్స్'. పరారైన హంతకుడిని పట్టుకునేందుకు పోలీసు అధికారి జాక్ (నిక్ నోల్టీ), ఆ హంతకుడి పాత సహచరుడైన ఖైదీ రెజీని రెండు రోజుల గడువుపై జైలు నుంచి బయటకు తెస్తాడు. రెజీగా నటించిన ఎడీ మర్ఫీకి ఇదే తొలి చిత్రం.

విడిపోలేని పరిస్థితి

ఈ కథలకు మొదటి ఆధారం బలవంతం. విడిపోయే వీలుంటే ఇద్దరూ ఎవరి దారి వారు చూసుకుంటారు, కథ అక్కడితో ముగుస్తుంది. అందుకే '48 అవర్స్'లో గడువు ఉంది. 'మిడ్‌నైట్ రన్' (1988)లో రాబర్ట్ డి నీరో పాత్ర ఒక అకౌంటెంట్‌ను న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు చేర్చితేనే సొమ్ము దక్కుతుంది. 'రష్ అవర్' (1998)లో జాకీ చాన్ పోషించిన హాంకాంగ్ ఇన్‌స్పెక్టర్‌ను దర్యాప్తుకు దూరంగా ఉంచే పని క్రిస్ టక్కర్ పాత్రకు అప్పగిస్తారు.

రెండో ఆధారం లోటు. ఒకరికి లేనిది మరొకరి దగ్గర ఉండాలి. 'లెథల్ వెపన్' (1987)లో భార్యను కోల్పోయిన రిగ్స్‌కు బతుకు మీద ఆశ లేదు. 50వ పుట్టినరోజు జరుపుకున్న మర్టాకు కాపాడుకోవలసిన కుటుంబం ఉంది. ఆత్మహత్య కోసం దాచుకున్న తూటాను రిగ్స్ చివర్లో మర్టాకు కానుకగా పంపుతాడు. స్నేహం కుదిరిందని చెప్పడానికి అంతకుమించి మాటలు అవసరం లేకపోయింది.

తగవు నిజమైనదైతేనే

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, తగవులో నిజం ఉండటం. శ్వేతజాతీయులతో నిండిన బార్‌లోకి జాక్ బ్యాడ్జీతో రెజీ అడుగుపెట్టే సన్నివేశం నవ్విస్తుంది. అధికారం చేతులు మారితే ఏమవుతుందన్న ప్రశ్నను కూడా లేవనెత్తుతుంది. జాతిని కించపరుస్తూ అన్న మాటలకు జాక్ తర్వాత క్షమాపణ చెబుతూ, అదంతా ఉద్యోగంలో భాగమంటాడు. ఉద్యోగం పేరు చెప్పి అన్నిటినీ సమర్థించుకోలేవని రెజీ బదులిస్తాడు. ఇలాంటి అసలైన విభేదం లేని చోట వాగ్వాదం చమత్కారాల వరుసగా మిగిలిపోతుంది.

ఈ సూత్రానికి పరిమితులూ ఉన్నాయి. ఇద్దరు మనుషులు స్నేహితులైనంత మాత్రాన వారిని విడదీసిన వ్యవస్థ మారదు. జాక్‌తో స్నేహం కుదిరినా రెజీ మిగిలిన శిక్ష కోసం తిరిగి జైలుకు వెళ్లవలసిందే. మహిళలు చాలాకాలం ఈ కథల అంచుల్లోనే ఉండిపోయారు. సాండ్రా బుల్లక్, మెలిస్సా మెకార్తీ జంటగా 2013లో వచ్చిన 'ద హీట్' ఆ లోటును కొంత పూరించింది.

తెలుగులో తలకిందులైన సూత్రం

హాస్యచిత్రం కాకపోయినా రాజమౌళి 'ఆర్ఆర్ఆర్' (2022) ఈ సూత్రాన్ని తలకిందులు చేసింది. బ్రిటిష్ పోలీసు శాఖలో పనిచేసే రామ్, గోండు బాలికను విడిపించేందుకు ఢిల్లీ వచ్చిన భీమ్ ఒకరి ఉద్దేశం మరొకరికి తెలియకుండానే ప్రాణ స్నేహితులవుతారు. వైరం ఆ తర్వాత బయటపడుతుంది. హాలీవుడ్ జంట తగవుతో మొదలై స్నేహానికి చేరితే, ఇక్కడ ముందే కుదిరిన స్నేహం తగవును తట్టుకుని నిలవాలి. క్రమం ఏదైనా ప్రేక్షకుడు ఎదురుచూసేది ఒక్కటే: ఎదుటి మనిషిని నమ్మడానికి వారిలో ప్రతి ఒక్కరూ ఏమి వదులుకుంటారన్నది.